కోడిపిల్లలను బ్రూడరునుండి బయటికి విడుచు క్రమము

మన సంఘసభ్యులలో పలువురు పెరటికోళ్ల పెంపకమునకు పూనుకొనుచున్నారు. ఇది మెచ్చదగిన పని. కోడి మన పల్లెలకు క్రొత్తది గాదు. గ్రుడ్లపై కూర్చుండి, 21 దినములలో పిల్లలను లేపి, తన రెక్కలక్రింద దాచుకొని పెంచు తల్లికోడిని చూడని రైతుబిడ్డ లేడు. అయితే నేడు సభ్యులలో చాలమంది తెచ్చుకొనుచున్న పిల్లలు వేఱు విధమైనవి. హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధన సంస్థలో రూపొందిన వనరాజ, గ్రామప్రియ మొదలగు రకముల పిల్లలు యంత్రములలో పొదుగబడి, ఒక దినపు వయస్సున అట్టపెట్టెలలో మన యూళ్లకు చేరుచున్నవి. వానికి తల్లి లేదు. తల్లి చేయవలసిన పనియంతయు పెంపకందారునిపై పడును.

ఈ పనిలో రెండు భాగములున్నవి. పిల్లలకు వెచ్చదనము నిచ్చి కాపాడుట మొదటిది. ఆ వెచ్చదనమును క్రమముగా మాన్పించి బయటి గాలికిని నేలకును అలవాటు చేయుట రెండవది. మొదటిదానిని మనవారు శ్రద్ధగనే చేయుదురు. రెండవదానిని తలుపు తీసి విడిచిన సరిపోవునని తలంతురు. నష్టము తఱచుగా ఇక్కడనే వచ్చును.

ఇది యొరుల పొరపాటును చూచి చెప్పుమాట గాదు. కొన్ని యేండ్ల క్రిందట, మృగశిర కార్తెలో, మా పెరటి బ్రూడరులో 50 పిల్లలుండెను. అప్పటికి మూడు వారములు నిండి, చుఱుకుగా పరుగెత్తుచు రెక్కలు చాచుచుండుటచేత అవి పెద్దవైనవని తలంచితిమి. విద్యుత్తు ఖర్చు మిగులునను ఆశయు మాకు కొంత కలిగెను. ఒకనాటి యుదయము ఎండ హాయిగా నుండగా అన్నిటిని ఒక్కసారిగా పెరటిలోనికి విడిచి నాఱుమడి పనికి పోతిమి. మధ్యాహ్నము దాటినపిమ్మట చల్లగాలి రేగి వాన కురిసెను. ప్రొద్దుగ్రుంకువేళకు వచ్చి చూడగా పిల్లలన్నియు గోడమూల ఒకదానిపై నొకటి యెక్కి కుప్పగా పడియుండెను. అడుగున నున్నవి 17 అప్పటికే ఊపిరాడక చచ్చెను. పైనున్నవానిలో 6 ఆ రాత్రియు మఱునాడును పోయెను. మిగిలినవి 27. ఆ పెట్టలు గ్రుడ్లకు వచ్చినచో బడిపిల్లల పుస్తకముల ఖర్చు వెళ్లునని మా యింటి యాడువారు లెక్క వేసికొనియుండిరి. ఆ లెక్క ఆ యేడు నిలువలేదు. పిల్లలు వానకు చచ్చినవనుటకంటె మా తొందరకు చచ్చినవనుట న్యాయము. అట్టి నష్టము ఇతర సభ్యులకు రాకుండుటకే ఈ పాఠమును వ్రాయుచున్నాము.

పిల్లకు వేడి యేల కావలెను?

అప్పుడే పుట్టిన కోడిపిల్ల యొంటిపై నుండునది ఈక గాదు, మెత్తని నూగు. ఎదిగిన కోడి యొడలి వేడి సుమారు 106 డిగ్రీల ఫారన్‌హీటు ఉండును. పుట్టిన పిల్లకు అంతకంటె రెండు మూడు డిగ్రీలు తక్కువ. చుట్టునున్న గాలి చల్లబడినచో పిల్ల యొడలును చల్లబడును. తన వేడిని తాను నిలుపుకొను శక్తి దానికి రెండు మూడు వారములలో క్రమముగా వచ్చును. అయినను ఈకలు పూర్తిగా క్రమ్మువఱకు అది రాత్రి చలికిని తడికిని తాళజాలదు. ఈకల మధ్య నిలుచు గాలియే కోడికి కంబళి. నూగు తడిసినచో ఆ కంబళి లేనట్లే.

తల్లికోడి నడవడిని గమనింపుడు. మొదటి వారమున పిల్లలను ఎక్కువసేపు రెక్కల క్రిందనే యుంచును. తరువాత కొంతదూరము త్రిప్పి, అవి చలికి కీచుమనగానే కూర్చుండి దగ్గఱకు చేర్చుకొనును. నానాటికి త్రిప్పు దూరము పెరుగును, కప్పు సమయము తగ్గును. కడపట తానే పొడిచి దూరముగా తఱుమును. ఏ కోడియు తన పిల్లలను ఒక్కనాట విడువదు. మనమును ఆ క్రమమునే అనుసరింపవలెను.

బ్రూడరు ఏర్పాటు

తల్లి లేని పిల్లలకు వేడి నిచ్చు ఏర్పాటును బ్రూడరందురు. దీనికి ఖరీదైన సామాను అక్కఱలేదు. గాలి నేరుగా కొట్టని గదిలో, శుభ్రము చేసి సున్నము వేసి యారబెట్టిన నేలపై, రెండంగుళముల మందమున పొడి వరియూకను గాని వేరుశనగ పొట్టును గాని పఱచవలెను. దానిపై మొదటి నాలుగైదు దినములు కాగితములు వేసినచో పిల్లలు ఊకను మేతయని తినకుండును. 50 పిల్లలకు 5 అడుగుల అడ్డుకొలత గలిగి, అడుగున్నర యెత్తుగల వెదురు తడికను గాని రేకును గాని గుండ్రముగా నిలుపవలెను. గుండ్రముగా ననుటకు కారణము కలదు: మూల యున్నచోట పిల్లలు కుప్పపడును. మా పెరటిలో జరిగినది అదియే. వారమునకొకసారి తడికను వెడల్పు చేయుచు, ఆఱవ వారమునాటికి ఒక్కొక్క పిల్లకు ఒక చదరపు టడుగు చోటు చేరునట్లు చూడవలెను.

వేడికి ఒక్కొక్క పిల్లకు 2 వాట్ల చొప్పున లెక్కించి బల్బులు వ్రేలాడదీయవలెను. 50 పిల్లలకు 100 వాట్లది ఒకటి యుంచుటకంటె 60 వాట్లవి రెండుంచుట మేలు, ఏలయన ఒకటి కాలిపోయినను రెండవది యుండును. ఇవి తీగ వెలుగు పాతరకపు బల్బులై యుండవలెను. ఇప్పుడు ఇండ్లలో వాడు ఎల్‌.ఇ.డి. దీపములు వెలుతురు నిచ్చును గాని పిల్లలకు చాలినంత వేడి నియ్యవు. ఈ సంగతి తెలియక దీపము వెలుగుచున్నదిగదా యని నిశ్చింతగా నిద్రించి పిల్లలను పోగొట్టుకొనుట కవకాశము కలదు. కరెంటు పోవు ఊళ్లలో బొగ్గుల కుంపటిని సిద్ధముగా నుంచుకొని, పొగ పోయి నిప్పులు ఎఱ్ఱబడిన తరువాత, పిల్లలు తాకకుండ చుట్టును తడిక యడ్డము పెట్టి వాడవచ్చును. అట్టియెడ కిటికీలు మూయరాదు. బొగ్గుగాలి పిల్లలకును మనుష్యులకును ప్రాణాంతకము.

మొదటి వారమున పిల్ల వీపు ఎత్తున 95 డిగ్రీలు (35 సెంటీగ్రేడు) ఉండవలెను. ప్రతి వారమును 5 డిగ్రీల చొప్పున తగ్గింపవలెను. బల్బును కొంచెము పైకెత్తిన తగ్గును. ఉష్ణమాపకము లేనివారికి పిల్లలే మాపకము. దీపము క్రింద గుమిగూడి గట్టిగా అఱచినచో వేడి చాలలేదు. దీపమునకు దూరముగా తడికనంటి, నోరు తెఱచి రెక్కలు విప్పి రొప్పినచో వేడి యెక్కువైనది. అన్నియు ఒకే ప్రక్కకు చేరినచో ఎక్కడనో చలిగాలి చొరబడుచున్నది. అంతటను సమముగా పఱచుకొని, కొన్ని తినుచు కొన్ని పండుకొనియున్నచో అంతయు సరిగా నున్నది. ఈ నాలుగు గుఱుతులు ఇంటిలోని పిల్లవానికి సైతము నేర్పదగినవి.

ఈక మేతనుండి వచ్చును

పెట్టెలో వచ్చిన పిల్లలకు ముందుగా నీరు, పిదప మేత. మొదటినాటి నీటిలో కొంచెము బెల్లము కలిపి, ఒక్కొక్క పిల్ల ముక్కును నీటిలో తాకించి త్రాగుట నేర్పవలెను. తొట్టి లోతుగా నున్నచో పిల్లలు మునుగును. కావున అందులో గులకరాళ్లు వేయవలెను. మొదటి రెండు మూడు దినములు మొక్కజొన్న నూకను కాగితముపై చల్లి, పిదప తొట్టిలో పిల్లమేత పెట్టవలెను.

మన యిండ్లలో పిల్లలకు బియ్యపు నూకలు వేసి యూరకుందురు. నూకలు కడుపు నింపును గాని ఈకను మొలపింపవు. ఈక మాంసకృత్తులతో నిర్మితమైనది. ఎదుగు పిల్ల మేతలో నూటికి 20 పాళ్లు మాంసకృత్తులుండవలెను. నూకలలో దానిలో సగమైనను లేదు. అందుచేత నూకలతోనే పెరిగిన పిల్ల ఆఱు వారములు నిండినను వీపు బోసిగా నుండును. వయస్సు వచ్చినదని దానిని బయట విడిచినచో చలికి పోవును. మొక్కజొన్న, వేరుశనగ చెక్క, తవుడు, ఎండుచేపల పొడి, ఖనిజలవణముల మిశ్రమము చేర్చిన మేత వాడవలెను. బూజుపట్టిన చెక్కయు ఉప్పుచేపల పొడియు పిల్లలకు హానికరములు.

ఖర్చు లేని మాంసకృత్తులు కొన్ని మన పెరటిలోనే గలవు. పాత కుండలో తడిపిన పేడను, చితికిన గడ్డిని కూరి, చెదలున్న చోట సాయంకాలమున బోర్లించినచో మఱునాటి యుదయమునకు చెదపురుగులు నిండును. వానిని దులిపి మూడవ వారమునుండి పిల్లలకు వేయవచ్చును.

విడుచుటకు ముందు చూడవలసిన గుఱుతులు

సామాన్యముగా ఆఱు వారములు నిండిన పిల్లలు బయటికి తగును. ఎండకాలమున నాలుగైదు వారములకే తగవచ్చును. చలికాలమున ఏడు వారములు పట్టవచ్చును. కావున దినములను లెక్కించుటతో తృప్తిపడక పిల్లను చేతిలోనికి తీసికొని చూడవలెను. వీపు, రొమ్ము, మెడ, రెక్కలక్రింది భాగము ఈకలతో నిండియుండవలెను. తలపై మాత్రము కొంచెము నూగు మిగిలినను తప్పులేదు. రొమ్ముటెముక కత్తివలె చేతికి తగులరాదు. గుంపులో పది పిల్లలను పట్టి చూచి, రెండు మూడింటి వీపు బోసిగా నున్నచో గుంపునంతను మఱియొక వారము ఆపవలెను. బలమైనవానిని చూచి నిర్ణయించినచో బలహీనమైనవి చచ్చును.

వేడి మాన్పించుట

బయటికి తెచ్చుటకు ముందు గదిలోనే వేడి లేకుండ ఉండుట పిల్లలకు అలవాటు కావలెను. నాలుగవ వారము చివర పగలు దీపము ఆర్పి రాత్రి వెలిగింపవలెను. పిమ్మట రాత్రి మొదటి జామున ఆర్పి, తెల్లవాఱుజాము చలికి మాత్రము వెలిగింపవలెను. తరువాత పూర్తిగా మానవలెను. మాన్పిన మొదటి రాత్రి ఒకటి రెండుసార్లు లేచి చూడుడు. చీకటిలో కీచుమను ధ్వని వినబడినచో, లేదా పిల్లలు కుప్పపడినచో, ఆ రాత్రికి దీపము మఱల వెలిగించి, రెండు దినముల తరువాత తిరిగి ప్రయత్నింపవలెను. వరుసగా మూడు రాత్రులు వేడి లేకుండ విడివిడిగా పండుకొనిన పిల్లలే బయటికి అర్హములు.

ఈ దినములలోనే మేత మాఱుపును కూడ ఆరంభింపవలెను. పాతమేత మూడుపాళ్లు, క్రొత్తమేత ఒకపాలుగా రెండు దినములు, సగము సగముగా రెండు దినములు, ఈ రీతిగా మార్చవలెను. చోటును, మేతను, చలిని ఒక్కనాడే మార్చినచో పిల్లలు తట్టుకొనలేవు.

బయటికి తెచ్చు పది దినములు

గదికి ఆనుకొని 50 పిల్లలకు పదియడుగుల పొడవు, పదియడుగుల వెడల్పుగల దడి కట్టవలెను. నేల పల్లముగా నుండక, నీరు నిలువనిదై, ఎండ తగులునదై యుండవలెను. పెద్దకోళ్లు నిత్యము తిరిగిన నేల పిల్లలకు పనికిరాదు. ఆ నేలలో తెగుళ్ల బీజములు నిలిచియుండును. పైన పాత చేపలవలను పఱచి కట్టిన గద్దయు కాకియు రాజాలవు. ఒక ప్రక్క తాటియాకులతో నీడ వేయవలెను. ఎండయు నీడయు రెండును ఉన్నచోట పిల్ల తనకు కావలసినదానిని తానే యెన్నుకొనును.

మొదటి రెండు దినములు, మంచు ఆరిన తరువాత, ఉదయము తొమ్మిది పది గంటల వేళ, వానమబ్బు లేనప్పుడు, తలుపు తెఱచి అరగంటనుండి గంటవఱకు విడువవలెను. పిల్లలను చేతితో పట్టి బయట వేయరాదు. వాకిట నిలిచి చూచి, ధైర్యముగలది ముందు పోవును, తక్కినవి దానిని వెంబడించును. గదిలో వాడిన తొట్లనే దడిలో పెట్టవలెను. ఎఱిగిన తొట్టి యున్నచోట పిల్లకు బెదురు తగ్గును. మూడవ, నాలుగవ దినములు రెండేసి గంటలు, అయిదవనాటినుండి మధ్యాహ్నమువఱకు, రెండవ వారమున ప్రొద్దుగ్రుంకువఱకు పెంచవలెను. నడుమ వాన వచ్చినచో, చలిగాలి లేచినచో, వెంటనే లోనికి తోలి, మఱునాడు ఎంతవఱకు వచ్చితిమో అచ్చటనుండియే సాగింపవలెను. ఈ పది దినములు ఇంటిలో ఒకరైనను కనుచూపు దూరమున నుండవలెను. నాఱుమడి పనికి అందఱు పోవలసియున్నచో, ఆ దినము పిల్లలను విడువకుండుటయే మేలు.

సాయంకాలపు మేతను ఎప్పుడును గదిలోనే పెట్టవలెను. రేకుడబ్బాలో గింజలు గలగలలాడించి పిలిచినచో నాలుగు దినములలో ఆ ధ్వనికి అలవాటుపడి పరుగెత్తి వచ్చును. ఈ యలవాటు తరువాత దడి తీసివేసిన పిమ్మట మిక్కిలి పనికివచ్చును. దడి తీసిన పిదప పురుగుమందు చల్లిన చేలవైపునకును, మందు పట్టించిన విత్తనము ఆరబోసిన కళ్లమువైపునకును పోనీయరాదు.

రాత్రి బస

పిల్లలు పగలు బయటికి అలవాటుపడినను రాత్రి గట్టి గూటిలో నుండవలెను. పిల్లి, ముంగిస, పాము, పందికొక్కు రాత్రివేళ వచ్చును. గూటి క్రిందిభాగమున అడుగున్నర యెత్తువఱకు అరంగుళపు కన్నుల ఇనుపవల బిగింపవలెను. గాలి రాకపోకలకు పైభాగమున సందు విడువవలెను. మూలలయందు గడ్డికట్టలు కుదించి గుండ్రముగా చేసినచో కుప్పపడుట తగ్గును. అడుగు ఎత్తున కఱ్ఱ నొకదానిని అడ్డముగా కట్టినచో కొద్దిదినములలో దానిపై నెక్కి కూర్చుండుట నేర్చును. కఱ్ఱపై కూర్చుండు కోడి కుప్పపడదు.

తెగుళ్లు, టీకాలు

బ్రూడరులోని పిల్ల ఊరికోళ్లకు దూరముగా నుండును; బయటికి వచ్చినది వానితో కలియును. కావున టీకాలు ముందుగా పూర్తి కావలెను. మారెక్సు టీకా పిల్లలు లేచినచోటనే మొదటిదినమున వేయుదురు. వేసిరో లేదో అడిగి తెలిసికొనవలెను. కొక్కెర తెగులునకు లసోటా టీకా 5 మొదలు 7 దినముల లోపల కంటిలో చుక్కగా వేయుదురు. గంబోరో టీకా 14వ దినము ప్రాంతమునను, లసోటా రెండవసారి 28వ దినము ప్రాంతమునను, మశూచి టీకా ఆఱవ వారమునను, కొక్కెర తెగులునకే ఆర్‌.2.బి. టీకా తొమ్మిదవ వారము ప్రాంతమునను వేయింతురు. స్థానిక పశువైద్యుడు తన ప్రాంతమునుబట్టి దినములను మార్చినచో ఆయన మాటనే అనుసరింపవలెను. టీకామందు మంచుగడ్డలో తేవలెను. కలిపిన తరువాత ఎండ తగులనీయక వెంటనే వాడవలెను. పదిమంది సభ్యులు ఒకేదినమున వేయించుకొనినచో ఒక సీసా అందఱికి సరిపోవును, వ్యర్థము కాదు. సహకారము అక్కఱకు వచ్చుచోటు లిట్టివి.

మూడవ వారమునుండి ఆఱవ వారమువఱకు రక్తపాఱుడు భయము హెచ్చు. తడిసిన ఊక దీనికి మూలము. ఊకను దినమున కొకసారి తిరుగవేసి, నీళ్లతొట్టి చుట్టు తడిసినదానిని తీసి పొడిది వేయవలెను. రెక్కలు వ్రాల్చి, కన్నులు మూసి, నెత్తురుతో కూడిన రెట్ట వేయు పిల్ల కనబడినచో ఆనాడే పశువైద్యశాలకు తెలుపవలెను. తెగులుండగా ఏ గుంపును బయట విడువరాదు. చచ్చినవానిని కాలువలో పాఱవేయక లోతుగా పాతి సున్నము చల్లవలెను.

కాలము నెఱుగుట

పిల్లలను తెచ్చుకొను దినము ననుసరించియే విడుచు దినము వచ్చును. కావున ముందే ఆఱు వారములు లెక్కించుకొనవలెను. మాఘమాసమున తెచ్చిన పిల్లలు ఫాల్గుణము చివర బయటికి వచ్చును. నేల పొడి, గాలి వెచ్చన. ఇది మిక్కిలి అనుకూలము. వైశాఖమున తెచ్చినవానికి రోహిణి కార్తె యెండలలో పగలు దీపము అక్కఱ యుండదు గాని, తొలకరి వానలలో విడువవలసి వచ్చును. అప్పుడు పైకప్పుగల దడి లేనిదే విడువరాదు. కోస్తా మండలములవారు ఆశ్వయుజ కార్తీకముల వాయుగుండములను మఱువరాదు. మార్గశిర పుష్యములలో, ముఖ్యముగా తెలంగాణపు మెట్టభూములలో, రాత్రిచలి హెచ్చు గావున మఱియొక వారము ఆగవలెను.

కడపటి మాట యొకటి. మేము నాటినుండి గూటి తలుపుప్రక్క గోడపై సుద్దముక్కతో రెండు అంకెలు వ్రాయుచున్నాము: ఉదయము విడిచిన పిల్లలెన్ని, సాయంకాలము చేరినవెన్ని. అంకెలు సరిపోనినాడు దీపము పట్టుకొని వెదకుదుము. ఒకటి తగ్గిననాడే కారణము తెలిసికొనినచో పది తగ్గకుండును. ఈ లెక్క వ్రాయు పనిని ఇంటిలో చదువుకొను బాలునికి గాని బాలికకు గాని అప్పగింపుడు. ఈ యేడు పిల్లలను తెచ్చుకొన్న సభ్యులు ఎన్ని తెచ్చిరో, ఎన్నవనాడు విడిచిరో, రెండు నెలలు నిండునప్పటికి ఎన్ని మిగిలినవో సంఘ కార్యాలయమునకు తెలియజేసినచో, మన యూరి వాతావరణమునకు తగిన దినము ఏదియో వచ్చు యేటికి మన లెక్కలనుండియే తేలును.